కాండీ రాజ్యం: సంతకాల్లో లేని స్త్రీలు

(నెల్లూరు తీర గ్రామాల స్త్రీల సభలో చేసిన ప్రసంగ పాఠం)



వేలూరు అనగానే మన నెల్లూరు వాళ్ళకి ముందు గుర్తొచ్చేది ఆసుపత్రి. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే వేలూరు తీసుకుపోదాం అనుకోవడం మనకి అలవాటు. ఆ ఊళ్ళో ఒక కోట ఉంది. రోగికి తోడు వెళ్ళినవాళ్ళు సాయంత్రం పూట కాసేపు ఆ కోట కందకం దగ్గర కూర్చుని వస్తారు. ఆ కోటలో ఒకప్పుడు ఒక దీవికి చివరి రాజు బందీగా ఉన్నాడు. పేరు శ్రీ విక్రమ రాజసింహ. శ్రీలంకలోని కాండీ రాజ్యం ఆయనది. 1816లో బ్రిటిష్ వాళ్ళు ఆయన్ని, ఆయన రాణుల్ని, బంధువుల్ని ఓడలో మద్రాసుకి తెచ్చి వేలూరు కోటలో పెట్టారు. 16 ఏళ్ళు అక్కడే ఉండి 1832 జనవరిలో చనిపోయాడు. పాలారు ఒడ్డున ఆయనకి ఒక స్మారకం ఉంది, ముత్తు మండపం అంటారు. 1990లో తమిళనాడు ప్రభుత్వం కట్టించింది.

ఆయన తెలుగు మూలాలున్న నాయకర్ల వంశం వాడు. అందుకని మనవాడొకడు సింహళాన్ని ఏలాడని చెప్పి మీచేత చప్పట్లు కొట్టించడానికి నేను రాలేదు. ఆయన మంచి రాజూ కాదు. నేను మాట్లాడదలచుకున్నది ఆ రాజ్యం పోయినప్పుడు రాసుకున్న ఒక కాగితం గురించి. ఆ కాగితానికి ఒక స్త్రీ చావు కారణంగా చూపించారు. ఆ కాగితం మీద ఒక్క స్త్రీ సంతకం లేదు. తర్వాత నలభై నాలుగేళ్ళకి ఆ దేశపు స్త్రీల పెళ్ళిళ్ళు చెల్లవని చెప్పే చట్టం వచ్చింది. ఈ మూడు సంగతుల మధ్య ఉన్న సంబంధం మనకి అర్థం కావాలి. ఎందుకంటే ఈ తీరంలో కూడా ఏదో ఒక కాగితం మీద ఎవరో ఒకరు మన తరఫున సంతకం పెడుతూనే ఉన్నారు.

ముందు ఒక మాట. ఎక్కడో ఉన్న లంకకీ మన నెల్లూరుకీ ఏం సంబంధం అని మీరడగొచ్చు. సంబంధం మన ఇసుకలోనే మొదలైంది. ఇక్కడికి దక్షిణాన దుగరాజపట్నం ఉంది కదా, ఇంగ్లీషు వాళ్ళు దాన్ని ఆర్మగాన్ అన్నారు. 1626 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ అక్కడ గిడ్డంగి పెట్టి, చుట్టూ గోడ కట్టి, ఫిరంగులు నిలబెట్టింది. ఈ దేశంలో ఇంగ్లీషు వాళ్ళు కోటలాగా కట్టుకున్న మొదటి చోటు అదే. బట్టల వ్యాపారం అక్కడ సరిగ్గా సాగలేదు. అక్కడి పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే అనే ఆయన ఇంకో చోటు వెతుక్కుంటూ దక్షిణంగా పోయాడు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఒక ఇసుక దిబ్బకి అనుమతి సంపాదించాడు. అదే మద్రాసు. సరుకులు కొంటాం, అమ్ముకుంటాం అని వచ్చినవాళ్ళు నూట యాభై ఏళ్ళు తిరిగేసరికి ఆ మద్రాసు నుంచే దేశాలు పట్టే సైన్యాలు పంపారు. 1796లో సింహళ దీవి తీరప్రాంతాన్ని డచ్చివాళ్ళ చేతుల్లోంచి లాక్కున్నది మద్రాసు నుంచి పోయిన సైన్యమే. మొదటి రెండేళ్ళు దాన్ని మద్రాసు అధికారులే పాలించారు. మద్రాసు పద్ధతిలోనే పన్నులు వసూలు చేశారు. కొబ్బరి చెట్టుకింత అని పన్ను వేశారు. 1797లో జనం తిరగబడ్డారు. కొబ్బరి చెట్టు మీద పన్నంటే ఏమిటో సముద్రం ఒడ్డున బతికే మనకి వేరే చెప్పాలా?

దీవి నడిమధ్యన కొండల్లో ఉన్న కాండీ రాజ్యం మాత్రం అప్పటికి లొంగలేదు. పోర్చుగీసు వాళ్ళు, డచ్చివాళ్ళు తీరమంతా పట్టుకున్నా కాండీని నిలుపుకోలేకపోయారు. 1803లో ఇంగ్లీషు వాళ్ళు దండెత్తి ఊరు పట్టుకున్నారు, కానీ కొద్ది నెలల్లోనే వాళ్ళు అక్కడ ఉంచిన సైన్యం నాశనమైపోయింది.

ఆ రాజ్యానికి నాయకర్లు ఎలా రాజులయ్యారన్నది కూడా మన సంగతే. కాండీ రాజులు పట్టపురాణిని క్షత్రియ వంశం నుంచే తెచ్చుకోవాలని నియమం పెట్టుకున్నారు. సముద్రం దాటి మధుర నాయకర్ల బంధువర్గం నుంచి పిల్లని తెచ్చుకునేవాళ్ళు. 1739లో వీర నరేంద్ర సింహ అనే రాజు పట్టపురాణికి కొడుకు లేకుండా చనిపోయాడు. అప్పుడు రాణి తమ్ముడికి పట్టం కట్టారు. అక్కణ్ణుంచి 1815 దాకా నలుగురు రాజులు ఆ వంశం వాళ్ళే. అంటే ఆ సింహాసనం ఆ కుటుంబానికి వచ్చింది ఒక ఆడమనిషి ద్వారా. కూర్చున్నది మాత్రం ఆమె తమ్ముడు. ఆడదాని వల్ల హక్కు వస్తుంది, ఆ హక్కు ఆడదానికి రాదు. ఇది మనకి తెలిసిన కథే కదా.

ఇక అసలు సంగతికి వస్తాను.

శ్రీ విక్రమ రాజసింహకీ ఆయన కింది ప్రభువులకీ పడలేదు. రాజు వాళ్ళ అధికారాలు తగ్గించాలని చూశాడు, వాళ్ళు కొలంబోలో ఉన్న ఇంగ్లీషు వాళ్ళతో లోపాయికారీగా ఉత్తరాలు నడిపారు. ఆ ఉత్తరాలన్నీ అందుకున్నవాడు జాన్ డాయిలీ అనే అధికారి. సింహళ భాష బాగా నేర్చుకున్నవాడు. పిట్టపోరూ పిట్టపోరూ పిల్లి తీర్చిందన్న సామెత మనకుంది. అక్కడ పిల్లి కొలంబోలో కూర్చుని ఎదురుచూస్తోంది.

1814లో ప్రధాన మంత్రి ఎహెలేపొల తిరుగుబాటు చేశాడు. అది విఫలమై ఆయన కొలంబో పారిపోయి ఇంగ్లీషు వాళ్ళ పంచన చేరాడు. పెళ్ళాం బిడ్డలు కాండీలో రాజు చేతిలో ఉండిపోయారు. రాజు ఆ కోపం వాళ్ళ మీద తీర్చుకున్నాడు. పిల్లల్ని తల్లి కళ్ళముందే తలలు నరికించాడు. ఆ తల్లిని చెరువులో ముంచి చంపించాడు. పిల్లల తలలు రోట్లో వేసి తల్లిచేత దంచించారని కూడా చెబుతారు. ఆ మాట నిజం కాదనే చరిత్రకారులు ఉన్నారు. అది లేకపోయినా జరిగింది తక్కువ ఘోరం కాదు. తప్పు చేశాడనుకున్నవాడు భర్త, శిక్ష పడింది భార్యకి.

ఆమెని చరిత్ర ఎహెలేపొల కుమారిహామి అంటుంది. అంటే ఎహెలేపొల వారి దొరసాని అని. చావుతో చరిత్రకెక్కిన ఆ మనిషిని ఇవాళ్టికీ భర్త ఇంటిపేరుతోనే తలుచుకుంటున్నారు.

ఆ తర్వాత ఇంగ్లీషు వాళ్ళ రాజ్యంలోని కొందరు వర్తకుల్ని కాండీ వాళ్ళు పట్టుకుని అంగాలు కోసి పంపారు. దాంతో 1815 జనవరిలో గవర్నర్ బ్రౌన్‌రిగ్ యుద్ధం ప్రకటించాడు. తను పోరాడేది కాండీ ప్రజలతో కాదని, క్రూరుడైన రాజుతోనేనని చెప్పుకున్నాడు. కుమారిహామి చావు, ఆ పిల్లల చావు ఇంగ్లీషు వాళ్ళ నోట పదే పదే వినిపించాయి. ఆడవాళ్ళని, పసిపిల్లల్ని చంపే రాజు నుంచి జనాన్ని కాపాడటానికి వచ్చామన్నారు.

లంక మీద యుద్ధానికి ఒక స్త్రీ పేరు చెప్పడం మనకి కొత్త కాదు. సీత కోసమని అంత యుద్ధం చేశారు. యుద్ధం గెలిచాక ఏం చేశారు? అగ్నిలో దూకి నిరూపించుకోమన్నారు. ఆడదాని కోసం అని మొదలుపెట్టిన యుద్ధం ముగిశాక ఆడదాని వైపు ఎవరూ చూడరు. కాండీలో కూడా అంతే జరిగింది. ఎంత త్వరగా జరిగిందో చూడండి.

ఫిబ్రవరి 14న ఇంగ్లీషు సైన్యం కాండీలో దిగింది. 18న రాజు మెదమహనువర దగ్గర దాక్కున్న ఇంట్లో దొరికాడు. పట్టుకున్నది ఇంగ్లీషు వాళ్ళతో కలిసొచ్చిన స్థానిక ప్రభువు మనుషులు. రాజుని తాళ్ళతో కట్టారు. రాణుల ఒంటి మీది నగలు లాక్కున్నారు. చెవి నగలు లాగితే చెవులు తెగి రక్తం కారింది. రాణి వెంకట రంగమ్మాళ్‌దని చెప్పే రక్తపు మరకల రవికెని ఆ దేశంలో మ్యూజియం వస్తువుగా దాచిపెట్టారు. కుమారిహామికి న్యాయం చేస్తామని వచ్చిన దండు మొదట చేసిన పనుల్లో ఒకటి ఇంకో ఆడమనిషి చెవులు తెంపడం. రాణి చేసిన నేరమేమిటి? రాజుకి భార్య కావడం. కుమారిహామి చేసిన నేరం కూడా అదే, ఎహెలేపొలకి భార్య కావడం. ఇటు రాజు, అటు రాజుని దించినవాళ్ళు, ఇద్దరి దృష్టిలోనూ ఆడది భర్త ఆస్తిలో భాగం.

1815 మార్చి 2న కాండీ రాజసభ మంటపంలో ఒప్పందం చదివారు. అందులో పన్నెండు అంశాలున్నాయి. రాజు క్రూరత్వాల వల్ల ఆయనకి రాజ్యం మీద హక్కు పోయిందన్నారు. ఆయన వంశం మొత్తానికి సింహాసనం మీద హక్కు లేదన్నారు. రాజ్యం బ్రిటిష్ చక్రవర్తికి చెందుతుందన్నారు. ప్రభువుల హోదాలు కాపాడతామన్నారు. బౌద్ధమతాన్ని, దాని ఆరామాల్ని కాపాడతామన్నారు. చిత్రహింసలు, అంగాలు కోయడం రద్దన్నారు. ఇవన్నీ బాగానే ఉన్నాయి. నాలుగో అంశంలో ఇంకో మాట ఉంది. అన్ని తరగతుల ప్రజలకీ ప్రాణానికి, ఆస్తికి రక్షణ, వాళ్ళలో అమలులో ఉన్న చట్టాలు, సంస్థలు, ఆచారాల ప్రకారం వాళ్ళ పౌరహక్కులు ఉంటాయని మాటిచ్చారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఆ కాగితం మీద గవర్నర్ సంతకం ఉంది. కాండీ ప్రభువుల సంతకాలున్నాయి. ప్రభువులు తమ పదవులు, గౌరవాలు రాయించుకున్నారు. భిక్షువుల కోసం ఆరామాలు రాయించుకున్నారు. కాగితం ఏ స్త్రీ చావు పేరు చెప్పి వచ్చిందో ఆ స్త్రీ లాంటి వాళ్ళ కోసం ఒక్క ముక్క రాయించుకోలేదు. భర్త నేరానికి భార్యని, పిల్లల్ని శిక్షించకూడదు అని ఒక్క వాక్యం రాయొచ్చు కదా? ఎవరికీ తట్టలేదు. ఆ చావు మీద కోపం వచ్చిందేగానీ, అలాంటి చావు మళ్ళీ ఇంకో ఆడదానికి రాకూడదన్న ఆలోచన రాలేదు. కోపం వేరు, హక్కు వేరు. కోపం యుద్ధానికి పనికొస్తుంది. హక్కు కావాలంటే కాగితం మీదికెక్కాలి.

సంతకం పెట్టినవాళ్ళలో కెప్పెటిపొల ఒకడు. ఈయన కుమారిహామికి సొంత అన్నదమ్ముడు. తోడబుట్టినదాన్ని చంపిన రాజు పోవాలని ఆయన కోరుకోవడం అర్థం చేసుకోగలం. కానీ మూడేళ్ళు తిరగకుండానే ఇంగ్లీషు పాలన ఎలాంటిదో ఊవ, వెల్లస్స ప్రాంతాల ప్రజలకి తెలిసొచ్చింది. 1817లో తిరుగుబాటు లేచింది. దాన్ని అణచడానికి ప్రభుత్వం పంపిన కెప్పెటిపొల తిరుగుబాటుదారుల్లో కలిసిపోయి వాళ్ళకి నాయకుడయ్యాడు. ప్రభుత్వం మద్రాసు నుంచి అదనపు సేనలు తెప్పించింది. ఊళ్ళకి ఊళ్ళు తగలబెట్టారు. పంటలు నాశనం చేశారు, పశువుల్ని చంపారు. తిండి లేక, జ్వరాలతో పోయినవాళ్ళకి లెక్కలేదు. 1818 నవంబర్ 26న కెప్పెటిపొల తల నరికారు. ఆయన పుర్రెని ఒక సైనిక వైద్యుడు ఎడిన్‌బరో పట్టుకుపోయాడు. 1954లోగానీ అది స్వదేశం చేరలేదు. తోడబుట్టినదాన్ని చంపింది రాజు. ఆ చావు పేరు చెప్పి వచ్చినవాళ్ళు ఆమె తోడబుట్టినవాణ్ణి చంపారు. భర్త ఎహెలేపొలకి ఆశించిన పీఠం దక్కలేదు. ఆయన్ని 1818లో నిర్బంధించి, తర్వాత మారిషస్ దీవికి పంపేశారు. అక్కడే 1829లో పోయాడు. 1818 నవంబర్‌లోనే కొత్త ప్రకటన తెచ్చి, ప్రభువులకీ బౌద్ధానికీ ఇచ్చిన హామీల్ని కత్తిరించారు.

మగవాళ్ళు సంతకం పెట్టి రాయించుకున్న హామీలకే మూడేళ్ళు ఆయుష్షు. మరి సంతకంలో లేని స్త్రీల హామీల సంగతి?

ఆచారాల ప్రకారం పౌరహక్కులు అన్న మాట దగ్గరికి ఇప్పుడు వద్దాం. కాండీ స్త్రీలకి ఆచారం ఇచ్చిన హక్కులేమిటి? వాళ్ళ పెళ్ళిళ్ళలో రెండు పద్ధతులుండేవి. ఒకటి దీగ. పిల్ల అత్తవారింటికి పోతుంది, పుట్టింటి భూమిలో వాటా వదులుకుంటుంది. కానీ అక్కడ బతుకు చెడితే తిరిగి పుట్టింటికి వచ్చి ఉండే హక్కు, తిండీ గుడ్డా పొందే హక్కు ఉండేవి. రెండోది బిన్న. అల్లుడే పిల్ల ఇంటికి వస్తాడు. పిల్ల వాటా పిల్లదే. అల్లుడికి భూమి మీద హక్కు లేదు. పడకపోతే పొమ్మంటే అతను పోవాల్సిందే.

ఇది వింటే మన ఇల్లటం గుర్తొస్తుంది. ఇల్లటపు అల్లుడన్న మాట నెల్లూరులో తెలియని వాళ్ళెవరు? మన రెడ్ల, కమ్మల కుటుంబాల్లో ఉన్న ఇల్లటం ఆచారాన్ని మద్రాసు హైకోర్టు గుర్తించింది, తీర్పులు కూడా ఇచ్చింది. అయితే తేడా చూడండి. మన ఇల్లటంలో అల్లుడు కొడుకులాగా వారసుడవుతాడు. ఆస్తి పిల్ల పుట్టింటిదైనా హక్కు అల్లుడికి పోతుంది. కాండీ బిన్నలో హక్కు పిల్ల చేతిలోనే ఉంటుంది. చూడటానికి రెండూ ఒకటే, అల్లుడు అత్తారింటికి రావడమే. కానీ ఒకదాంట్లో ఇంటికి యజమాని మారతాడు, ఇంకోదాంట్లో మారడు.

విడిపోవడం కూడా వాళ్ళకి పెద్ద నేరం కాదు. ఇష్టం లేకపోతే భార్య విడిపోవచ్చు, భర్త విడిపోవచ్చు. మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు. 17వ శతాబ్దంలో దాదాపు ఇరవై ఏళ్ళు కాండీలో బందీగా ఉన్న రాబర్ట్ నాక్స్ అనే ఇంగ్లీషాయన దీన్ని చూసి ఆశ్చర్యపోతూ రాశాడు. అన్నదమ్ములు ఒకే స్త్రీతో కాపురం చేసే పద్ధతి కూడా కొన్ని కుటుంబాల్లో ఉండేది.

ఇదంతా స్వర్ణయుగమని నేననడం లేదు. అన్నదమ్ముల ఉమ్మడి కాపురంలో ఆ స్త్రీ ఇష్టం ఎంతో, భూమి ముక్కలు కాకూడదన్న మగవాళ్ళ లెక్క ఎంతో మనకి తెలియనిది కాదు. కులం బట్టి, హోదా బట్టి కట్టడులు కూడా ఉండేవి. కానీ ఒక్కటి మాత్రం నిజం. ఆడమనిషికి తిరిగి వెళ్ళడానికి ఒక ఇల్లుండేది. తలుపు తెరుచుకుని బయటికి పోయే దారి ఉండేది.

1859లో బ్రిటిష్ ప్రభుత్వం కాండీ వివాహాల మీద చట్టం చేసింది. ఒకరిని మించి భార్యలుండటం, ఒకరిని మించి భర్తలుండటం రెండూ నేరమన్నారు. ఇకమీదట పెళ్ళి రిజిస్టరు చేస్తేనే చెల్లుతుంది, విడాకులు కోర్టుకి పోతేనే అన్నారు. ఈ చట్టం కావాలని కాండీ ప్రభువులే అర్జీ పెట్టుకున్నారు. నాగరికులమనిపించుకోవాలన్న తపన వాళ్ళది. 1815లో సంతకం పెట్టింది ఆ తరగతి వాళ్ళే, 1859లో అర్జీ పెట్టిందీ ఆ తరగతి వాళ్ళే. ఎవరి పెళ్ళి గురించి చట్టం చేస్తున్నారో ఆ స్త్రీలని ఎవరూ అడగలేదు.

ఇల్లు అలకగానే పండగ కాదు. చట్టం వచ్చిందిగానీ కొండల్లో జనం ఎప్పటిలాగే పెళ్ళిళ్ళు చేసుకున్నారు. రిజిస్ట్రారు ఎక్కడో ఉంటాడు, అక్కడికి పోవాలంటే దూరం, ఖర్చు. దాంతో పెద్దల ముందు పెళ్ళాడిన వేలమంది ఆడవాళ్ళు ఒక్కసారిగా చట్టం దృష్టిలో పెళ్ళికాని వాళ్ళయ్యారు. వాళ్ళ బిడ్డలు అక్రమ సంతానమయ్యారు. భర్త ఆస్తిలో బిడ్డలకి వాటా అడిగితే, నీ పెళ్ళే పెళ్ళి కాదు పొమ్మనే వీలు దొరికింది. 1840లో ఇంకో చట్టం వచ్చి, అడవులు, బీళ్ళు, ఎవరిదని కాగితం లేని భూములు సర్కారువే అంది. వాటిని కాఫీ తోటలకి అమ్ముకున్నారు. అంటే భూమికి కాగితం చూపాలి, పెళ్ళికి కాగితం చూపాలి. కాగితం లేనిది ఎవరికి? ఎక్కువగా ఆడవాళ్ళకే.

పొరపాటు తెలిసి 1870లో చట్టాన్ని కొంత సవరించారు. ఇద్దరికీ ఇష్టమైతే విడిపోవచ్చని, కలిసి బతకలేమంటే ఏడాది విడిగా ఉన్నట్టు చూపి విడాకులు పొందవచ్చని మళ్ళీ దారి ఇచ్చారు. కానీ సవరణలో ఒక ముల్లు మిగిలింది. భార్య పరాయి మగవాడితో ఉంటే అదొక్కటే విడాకులకి చాలు. భర్త పరాయి స్త్రీతో ఉంటే అది చాలదు, దానికి వావివరసలు తప్పడమో, ఘోరమైన క్రూరత్వమో తోడు కావాలి. దేశం స్వతంత్రమయ్యాక 1952లో చేసిన కాండీ వివాహ చట్టంలో కూడా ఈ తేడా అలాగే దిగింది. తెల్లవాడు పోయాడు, తెల్లవాడు రాసిన తేడా ఉండిపోయింది. ఈ చట్టాలు స్త్రీల బతుకుని ఎలా మార్చాయో డచ్ పరిశోధకురాలు కార్లా రిస్సీవ్ 1988లో ఒక పుస్తకమే రాశారు.

అందుకని, అక్కలారా, ఎవరైనా మీ కోసమే చేస్తున్నాం అన్నప్పుడు మనం ఒక ప్రశ్న అడగాలి. రాసేటప్పుడు మేమున్నామా?

లేకుండా పోవడం తప్పనిసరి కాదని చెప్పడానికి ఇంకో దీవి కథ చెబుతాను. పసిఫిక్ సముద్రంలో హవాయి అనే రాజ్యం ఉండేది. దాన్ని ఏలింది ఒక స్త్రీ, లిలియుకలాని. 1893లో అమెరికా చెరకు తోటల దొరలు, అమెరికా నావికా సైనికుల అండతో ఆమెని దించేశారు. 1897లో దీవిని అమెరికాలో కలిపే ఒప్పందం రాసుకున్నారు. అప్పుడు ఆ దీవి జనం కాగితంతోనే పోరాడారు. మగవాళ్ళ సంఘం, స్త్రీల సంఘం విడివిడిగా దీవి దీవికీ తిరిగి, మమ్మల్ని కలపొద్దు అని 21 వేలకి పైగా సంతకాలు సేకరించారు. అక్కడ స్త్రీలకి ఓటు లేదు. అయినా సంతకం పెట్టారు. ఆ సంతకాలు పట్టుకుని వాషింగ్టన్ వెళితే ఆ ఒప్పందం సెనేట్‌లో ఆగిపోయింది. మరుసటి ఏడు, 1898లో, అమెరికా ఇంకో దొడ్డిదారిలో తీర్మానం చేసి దీవిని కలిపేసుకుంది. ఓడిపోయారు. నిజమే. కానీ 1993లో అమెరికా పార్లమెంటు హవాయి ప్రజలకి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. హవాయి ఆడవాళ్ళ పేర్లు ఆ కాగితాల మీద ఇవాళ్టికీ చదవొచ్చు. మా అమ్మమ్మ ఇక్కడ సంతకం పెట్టింది అని మనవరాళ్ళు వేలు పెట్టి చూపిస్తున్నారు. కాండీ స్త్రీల పేర్లు వెతికితే ఏ కాగితం మీదా లేవు.

ఇక మన దీవి సంగతి. దీవి అంటే మనకి శ్రీహరికోట. అక్కడ రాజ్యం లేదు, రాజు లేడు. అడవి ఉండేది. అడవిలో యానాదులు ఉండేవాళ్ళు. 1835లో మద్రాసుకి కట్టెల కోసమని ప్రభుత్వం ఆ దీవి నిర్వహణని తన చేతిలోకి తీసుకుంది. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న అక్కణ్ణుంచి మొదటి రాకెట్ ఎగిరింది. రాకెట్ ఎగిరితే మనం కూడా చూసి సంతోషించాం. సంతోషించడం తప్పు కాదు. కానీ ఆ దీవిలో దుంపలు తవ్వి, తేనె తీసి, కట్టెలు ఏరుకుని బతికిన యానాది కుటుంబాలు తమ నేల వదిలిపెట్టాల్సి వచ్చిందని కూడా మర్చిపోకూడదు. ఆ దుంప ఎక్కడ దొరుకుతుందో తెలిసిన ఆడమనిషికి ఆ జ్ఞానానికి ఏ పట్టా ఉంది? ఏ రిజిస్టరులో ఉంది?

శ్రీహరికోటనీ కాండీనీ ఒకటి చేస్తున్నానని అనుకోవద్దు. ఒకటి పరాయి దేశపు దురాక్రమణ, ఇంకోటి మన ప్రభుత్వం మన దేశంలో చేసిన పని. కానీ కాగితం లేని ఆడదానికి రెండు చోట్లా లెక్కలో చోటు లేదు. ఆ పోలిక నిజం.

కంపెనీ మొదట దిగిన దుగరాజపట్నంలోనే పెద్ద ఓడరేవు కడతామని 2014 రాష్ట్ర విభజన చట్టంలో రాశారు. మొదటి దశ 2018 చివరికి అన్నారు. గడువు దాటిపోయింది, ఓడరేవు రాలేదు. కృష్ణపట్నం రేవు 2008లో మొదలైంది. ఈ తీరంలో ఏదో ఒక ప్రాజెక్టు మాట నడుస్తూనే ఉంటుంది. కాబట్టి మనకి ఒక చట్టం తెలిసి ఉండాలి. 2013 భూసేకరణ చట్టం. అందులో రెండు సంగతులు మనకి సంబంధించినవి. ఒకటి, భూమి పట్టా ఉన్నవాళ్ళే కాదు, భూసేకరణకి ముందు మూడేళ్ళుగా అడవి మీదో నీటి మీదో ఆధారపడి బతికేవాళ్ళు, అంటే అడవి సరుకు ఏరేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, పడవ నడిపేవాళ్ళు కూడా నష్టపోయే కుటుంబాల లెక్కలోకి వస్తారు. రెండు, వితంతువులు, విడాకులు తీసుకున్నవాళ్ళు, కుటుంబం వదిలేసిన స్త్రీలు విడి కుటుంబాలు. అన్న ఇంట్లో ఉన్నా, కొడుకు ఇంట్లో ఉన్నా ఆమెది విడి లెక్క.

ఈ రెండు మాటలూ ఊరికే రాలేదు. ఎన్నో చోట్ల మునిగిపోయిన, ఖాళీ అయిన ఊళ్ళ జనం ఏళ్ళ తరబడి పోరాడితే వచ్చాయి. 2018లో మన రాష్ట్రం ఈ చట్టానికి సవరణ తెచ్చి, కొన్ని రకాల ప్రాజెక్టులకి సామాజిక ప్రభావం మీద విచారణ అక్కర్లేకుండా చేసింది. అంటే ఇచ్చిన హామీ కత్తిరించడం 1818తో ఆగలేదు. చట్టం మన చేతికొచ్చినా దాన్ని కాపలా కాయాలి.

మనం చేయగలిగినవి పెద్ద పనులేం కావు. ఊళ్ళో సర్వే అంటే ఇంటి మగవాళ్ళు చూసుకుంటారులే అనుకోవద్దు. సర్వే రాసుకునేవాడి దగ్గరికి వెళ్ళి, నా పేరు ఏ వరసలో రాశావు, చదివి వినిపించు అని అడగండి. చేపలు ఎండబెట్టి అమ్మేవాళ్ళు, ఉప్పుమళ్ళలో పనిచేసేవాళ్ళు, పీతలు పట్టేవాళ్ళు మీ పనిని పని అని రాయించండి. భర్త వదిలేసినవాళ్ళు సిగ్గుపడి కొడుకు కుటుంబంలో పేరు రాయించుకోవద్దు. గ్రామసభ జరిగితే వెనకాల నిలబడి రావద్దు, ముందు వరసలో కూర్చుని తీర్మానం చదివించుకుని సంతకం పెట్టండి. నచ్చకపోతే నచ్చలేదని రాసి సంతకం పెట్టండి. చదువు రానివాళ్ళు వేలిముద్ర వేసే ముందు ఇద్దరిచేత చదివించుకోండి, ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారో లేదో చూసుకోండి.

వేలూరు వెళ్ళినప్పుడు ఈసారి పాలారు ఒడ్డుకి కూడా వెళ్ళండి. ఆ మండపం రాజు గుర్తుకోసం కట్టారు. మీరు మాత్రం అక్కడ నిలబడి కుమారిహామిని తలుచుకోండి, చెవులు తెగిన రాణిని తలుచుకోండి, పెళ్ళి చెల్లదనిపించుకున్న ఆ కొండ ఊళ్ళ ఆడవాళ్ళని తలుచుకోండి. వాళ్ళ పేరు మీద యుద్ధాలు చేశారు, ఒప్పందాలు రాశారు, చట్టాలు తెచ్చారు. వాళ్ళని మాత్రం ఒక్కసారి కూడా పిలిచి అడగలేదు.

మనల్ని పిలుస్తారని ఎదురుచూడొద్దు. మనమే వెళ్ళి కూర్చుందాం.